కుర్చీలో దొర, మంచం మీద దొరబాబు

ఊరి పక్క వాగు, మా గెడ్డ, గట్టు తెగి, భీమిలిలో మా బావమరిది దొరబాబు మంచం నీళ్ళ మీద తేలిన వరద వచ్చి అప్పటికి మూడో ఏడు. సాగరతరంగభేరీభాంకారముఖరితమూ, నౌకాధూమధూసరితగగనాంతరాళమూ, లోహధూళిపటలపాటలితమూ అయిన విశాఖపట్నమందు, చేపలరేవుకు ఎగువన ఉన్న మా రెండు గదుల ఇంట్లో, ఒకనాటి సాయంకాలం ఆరున్నర గంటలకు జరిగిన మహాసంగ్రామం చెబుతున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు వినండి. లేనివాళ్ళు టీవీలో వార్తలు పెట్టుకోండి. అక్కడ నలుగురు ఒకేసారి అరుస్తుంటారు, మీకు అదే తగును.

యుద్ధకారణం అరగంట.

ఓడ నావికులు దిగే విశ్రాంతి భవనంలో ఇరవైరెండేళ్ళు టీలు మోశాను. ఇంగ్లండు ఓడలవాళ్ళు తమ దేశపు కామెడీ సీరియళ్ళ క్యాసెట్లు అక్కడ వదిలిపోయేవారు. నాకు ఒక్క ముక్క రాదు. అయినా కప్పులు పట్టుకుని నిలబడి నవ్వేవాణ్ణి. ఇప్పుడవే యూట్యూబులో వస్తాయి. రోజుకు అరగంట చూస్తాను. తక్కిన ఇరవైమూడున్నర గంటలూ లోకానివి.

ఆ అరగంట మీదికి దండెత్తినవాడు దొరబాబు. నలభై ఏళ్ళు సముద్రం మీద చేపలు వేటాడినవాడు. వరద తగ్గేదాకా పది రోజులుంటానని వచ్చాడు. వరద పోయింది, దొరబాబు పోలేదు. కుర్చీసింహాసనాక్రమణధురంధరుడూ, రిమోటుగదాపాణీ, జంతికాభక్షణదక్షుడూ, నిష్కారణగంభీరవదనుడూ అయిన ఆ వీరుడు నా టీవీ ముందు నిలబడి, మేఘగర్జనాసదృశకంఠంతో ఇట్లు పలికెను:

"ఏటి బావా, ఆ తెల్లోడు ఏటంటన్నాడో నీకు తెల్దు. ఎందుకలాగ పళ్ళికిలిత్తన్నావ్? ఎప్పుడో నలభై ఏళ్ళ కిందటి బొమ్మలు! ఇందులో సగం మంది సచ్చిపోయుంటారు."

నేను తెర కనబడేలా పక్కకు జరిగాను.

"అరగంట ఇక్కడే కూకుంటాను. నాను నవ్వకపోతే రేపట్నించి ఆరున్నర నాది. వార్తలే. రోజూ."

"మరి నవ్వితేనోరా?" అంది లోపల్నుంచి నా భార్య పోతమ్మ, వాడి అక్క.

"నవ్వితే రిమోటు ముట్టనప్పా."

"పళ్ళు కనబడితే నవ్వినట్టే. నాను సూత్తాను," అని ఆమె చేపలు కోసే కత్తిపీటతో సహా వచ్చి గుమ్మంలో కూర్చుంది. ధర్మదేవత అంతకన్నా భయంకరంగా ఉండదు.

"కూకో," అన్నాను నేను. ఆ రోజుకి నా మాటలు అయిపోయాయి.

యుద్ధం మొదలైంది. తెర మీద ఒక బక్క దొర, కోటూ టోపీతో, సముద్రపొడ్డుకు వెళ్ళే బస్సు కోసం వరసలో నిలబడ్డాడు. ఒకడు వచ్చి దొర కాలు తొక్కాడు. దొరే వాడికి సారీ చెప్పాడు. ఇది నా మొదటి బాణం.

"తొక్కినోడు కదా సెప్పాల!" అన్నాడు దొరబాబు. వెంటనే అక్క వైపు తిరిగి, "నవ్వనేదు, అడిగేనంతే," అన్నాడు. బాణం విరిగింది. గాలికి గొడుగు తిరగబడింది; దొర దాన్ని అలాగే పట్టుకుని నడిచాడు. దొరబాబు జంతిక నమిలాడు. పదిహేను నిమిషాలు గడిచాయి. నా అరగంట నా కళ్ళముందే నరికివేయబడుతున్నట్టు తోచింది.

అప్పుడు దొర ఇసుకలో మడత కుర్చీ వేశాడు. బల్ల వేశాడు, మీద టీ కెటిల్ పెట్టాడు. జేబులోంచి పోటు వేళల కాగితం తీసి, నాలుగు వేళ్ళు చూపించి భార్యకు చెప్పాడు: నాలుగింటిదాకా నీరు రాదని. సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక నురగ గీత గీతగా పైకొస్తోంది.

దొరబాబు కుర్చీలో కదిలాడు. కాళ్ళకింద నీరు కదిలితే నిద్రలో కూడా లేచే జాతి మాది.

"ఒరే, పోటు! పోటొత్తందిరా, లెగు!" అని టీవీ మీద అరిచాడు.

దొర లేవలేదు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి, కాగితం చూశాడు, గడియారం చూశాడు, కాళ్ళు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. కెటిల్ తేలిపోయింది, దానికి టోపీ ఎత్తి వీడ్కోలు చెప్పాడు. ఒడ్డున భార్య చేతులు కట్టుకుని నిలబడింది. కుర్చీతో సహా దొర తేలాడు, మెల్లగా గుండ్రంగా తిరిగాడు. కాగితం మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

"తమ్ముడూ," అంది పోతమ్మ, కత్తిపీట పక్కన పెట్టి, చాలా మెత్తగా. "ఆ కుర్చీ నీ మంచంలాగ నేదూ?"

వరదనాడు ఊరంతా మేడలెక్కితే, మా తాతల కాడ్నించీ నీరు ఈ గడప దాటనేదు అని బీడీ వెలిగించి మంచం మీద కూర్చున్నవాడు దొరబాబు. మంచం తేలి, వీధి దాటి, పక్కవాళ్ళ పశువులశాలకు తగిలి ఆగింది. పడవ తెచ్చి ఎక్కించినవాళ్ళతో, "నాను ఇటే రావాలనుకున్నాను," అన్నాడు.

ఇక ఆ వదనదుర్గం ఎట్లు కూలెనో చెబుతాను. ముందు మీసం వణికెను. పిమ్మట బొజ్జ కదిలెను. పిమ్మట ప్రళయకాలజలధినిర్ఘోషోపమానమైన చప్పుడుతో, నోటిలోని జంతిక టీవీ దాకా ఎగిరెను.

"నవ్వనేదు! పొలమారింది!" అన్నాడు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే తెర మీద, పడవలోకి లాగబడిన దొర, నీళ్ళోడుతూ, టై సర్దుకుని ఏదో అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదన్నాను కదా. ఆ మాట మాత్రం తెలిసింది. నేను ఇటే రావాలనుకున్నాను.

నలభై ఏళ్ళయినా ఈ బొమ్మలు ఎందుకు పాతబడలేదని చదువుకున్నవాళ్ళు పుస్తకాలు రాస్తారేమో. రాసుకోనివ్వండి. మునిగినా ఒప్పుకోనివాడు ప్రతి ఇంటా ఒకడుంటాడు, వాడికి ఇంగ్లీషుతో పనేమిటి?

"పళ్ళు కనబడ్డాయి. మూడు. ఉన్నవే మూడు," అని పోతమ్మ తీర్పు చెప్పింది.

ఇట్లు సకలలోకవిస్మయకరముగా, ఏడుసముద్రాల సాక్షిగా, ఆరున్నర నుంచి ఏడు వరకు గల నా రాజ్యం నాకు దక్కెను.

మర్నాడు పొద్దున్నే, దొరబాబు లేవకముందే, రిమోటు వెనక మూత తీసి, బ్యాటరీలు రెండూ చొక్కా జేబులో వేసుకుని రేవుకు టీ తాగడానికి వెళ్ళాను.