పిల్లి వత్తి ముట్టించగా సదయ్య కుర్చీ దిగని వైనము

స్వస్తి. రెండువేల ఆరవ సంవత్సర గ్రీష్మమున, ఆదివారమున, గోదావరీ దక్షిణతీరమున, బొగ్గుధూళి ఎడతెగక కురియు గోదావరిఖని పట్టణమున, ఒకానొక కంపెనీ క్వార్టరునందు, భూగర్భవిదారకుడును, శిలాస్తరభీకరుడును, ఇరువదియేండ్లుగా బొగ్గుగోడలకు మందు దట్టించి పేల్చుచున్న షాట్‌ఫైరరును అగు సదయ్య ప్లాస్టిక్ కుర్చీ అధిష్ఠించి టీవీ వైపు చూడ సాహసించెను. ఆ సాహసమెంత అల్పమో వినుడు.

టీవీలో పాతకాలపు విదేశీ బొమ్మలాట. పిల్లి ఎలుకను తరుమును, ఎలుక పిల్లిని ఏడిపించును, తుదకు పిల్లి ఎలుక కన్నమున మందు దూర్చి వత్తి ముట్టించును. పాలు తాగు పిల్లలు సైతము పకపక నవ్వు ఆ ఘట్టమున, మన మహావీరుడు ప్రతిసారి లేచి వంటింట్లోకి ఉరికి గోడచాటున నక్కును. కారణము భయమందురా? అంతకన్న హీనము, అలవాటు. గనిలో మందు పెట్టి, ఈల వేసి, కేక పెట్టి అందరిని తరిమి, మలుపు దాటి నిలిచి, మందు పేల్చు కరెంటుపెట్టె తాళము తిప్పుట ఆయన వృత్తి. కావున అన్ని గోడలు కూల్చిన ఈ విధ్వంసచక్రవర్తి ఒక్క పేలుడునైనను కంటితో చూచి ఎరుగడు.

ఈ పలాయనమును పక్కింటి బుచ్చన్న కిందటి వారము కనిపెట్టెను. అదే గనిలో టబ్బు బండ్లకు బొగ్గు నింపు ఆ పుణ్యాత్ముడు దానిని క్యాంటీనంతయు చాటెను. నాటినుండి సదయ్య కనబడినచో చాలు, పడుచు కార్మికులు ఈల వేసి గోడచాటుకు దూకుచుండిరి. పోయిన పరువు నేడు దక్కవలెను. బుచ్చన్నయే సాక్షిగా వచ్చి మంచముపై కూర్చుండెను.

సదయ్య భార్య జమున వంటింటి గడపలో ఉల్లిగడ్డలు తరుగుచు పలికెను: "కూసుంటవా, మల్ల ఉరుకుతవా? ఉరికితే పొయ్యి దిక్కు మాత్రం రాకు, పప్పు ఉడుకుతున్నది."

అంత సదయ్య మీసము దువ్వి గర్జించెను: "బుచ్చన్న బావా, మంచిగ ఇను. నేను గుట్టలకు గుట్టలు బొగ్గు కూలగొట్టినోన్ని. గా బొమ్మ పిల్లి ముట్టించిన మందుకు జరుగుతనా? ఇయ్యాల గీ కుర్చీల నుంచి లేస్తే, రేపటిసంది నన్ను షాట్‌ఫైరర్ అని పిలువకున్రి."

"గందుకే అచ్చిన బావా. సూత్త" అనెను బుచ్చన్న.

వత్తి అంటుకొనెను. నిప్పురవ్వ కన్నము వైపు పాకుచుండగా సదయ్య ఎడమకాలు తనంతట తానే వంటింటి దిక్కు తిరిగెను. కుడిచేయి దానిని పట్టి లాగెను. కుడికాలు లేచెను, ఎడమచేయి దానిపై పడెను. రెండు చేతులు రెండు కాళ్ళతో ఇట్లు ఘోరముగా పెనుగులాడుచుండ, యజమానిని అడగకయే నోరు కేక వేసెను: "మందున్నది, జరుగున్రి."

ఆ కేకకు లేచి ఉరికినవాడు బుచ్చన్న. జమునను దాటి, పొయ్యి పక్కన కూలబడి, చెవులు మూసికొనెను.

"నువ్వెందుకచ్చినవే అన్నా?" అనెను జమున.

"మందన్నడు గదా చెల్లె."

టీవీలో మందు పేలెను. పొగ తొలగెను. పిల్లి నిలువెల్ల మసి, రెండు కన్నులు మాత్రము తెల్లగా, షిఫ్టు దిగి వచ్చు కార్మికుని తీరున ఉండెను. అది మసి దులుపుకొని లేచి, మరల ఎలుక వెంట పడెను. సదయ్య నవ్వలేదు.

"లేసింది గదనే" అనెను.

"మరి లెవ్వదా?" అనెను జమున.

"మనకాడైతే లెవ్వరు."

జమున మరల ఉల్లిగడ్డ అందుకొనెను. పిమ్మట బుచ్చన్న గోడచాటునుండి మెడ చాచి "పేలిందా బావా?" అని అడుగగా, సదయ్యకు తన ఘనత జ్ఞప్తికి వచ్చి మీసము లేచెను. "పేలింది. నేను సూసిన. నువ్వు సూడలే. రేపు క్యాంటీన్ల గిది గూడ చెప్పు."

దిక్కులారా వినుడు, దుందుభులారా మ్రోగుడు. ఇరువదియేండ్ల వీరుడు సదయ్య, కాగితముపై గీచిన పిల్లికి మసి అంటుటను కుర్చీ విడువక కనుగొనెను. ఒక కన్ను మాత్రము గట్టిగా మూసికొనియుండెనని జమున ప్రమాణము చేసి చెప్పును. ఆమె మాటను ఈ కావ్యమున చేర్చుట లేదు.