నాంపల్లిలో నలభయ్యో మైలు

బెజవాడ రోడ్డు మీద నలభయ్యో మైలు దగ్గర లారీ డ్రైవర్లకు విశ్రాంతి కేంద్రం కట్టిస్తామని మా శాఖ మంత్రిగారు ప్రకటించారు. "ఇకమీదట ఈ రాష్ట్రంలో ఎవడూ స్టీరింగు మీద నిద్రపోడు!" అన్నారు. ఇలాంటి నాయకుడి దగ్గర గుమస్తాగా ఉండటం నా పూర్వజన్మ సుకృతం.

శంకుస్థాపన నాడు మంత్రిగారు నాంపల్లి స్టేషన్లో రైలు దిగారు. దండలు వేసేవాళ్ల క్యూ తరిగేసరికి ముహూర్తానికి ఆరే నిమిషాలు మిగిలాయి. నలభై మైళ్లు ఆరు నిమిషాల్లో జీపు పోదు, ముహూర్తం ఆగదు. కాబట్టి స్టేషను ఎదుట మొగులయ్య చాయ్ బండి పక్కనే రాయి పాతేశారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఇంజనీరు అమరేశ్వరరావుగారు వచ్చి బండి తీసేయమన్నారు.

"గీడికి లారీలెట్ల వస్తయ్ సారూ?" అన్నాడు మొగులయ్య.

"రావడం లారీల బాధ్యతయ్యా. మంత్రిగారు పాతిన రాయి కదిలించే పవర్ నాకు లేదు."

"గీ బండి మీదనే ఇల్లు నడుస్తది సారూ. జర ఆలోచించున్రి."

నేను పక్కనే నిలబడి విన్నాను. ఆఫీసు టైమైంది, వెళ్లిపోయాను.

మంత్రిగారిది వెన్నలాంటి మనసు. మొగులయ్యకు వేరేచోట బండి పెట్టుకోమని నోటిమాటగా అనుమతిచ్చారు. నలభయ్యో మైలు దగ్గర. అక్కడ ఎలాగూ స్థలం ఖాళీయే కదా.

ఆర్నెల్లలో నాంపల్లి కేంద్రం లేచింది. ఇరవై పరుపులు, దోమతెరలు, చుట్టుపక్కల చూడదగిన ప్రదేశాల బోర్డు: మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీము, ఆబిడ్స్‌లో బట్టల షాపులు. లారీ మాత్రం ఒక్కటే వచ్చింది, అదీ దారి అడగడానికి.

కారణం తెలుసుకోవడానికి మంత్రిగారు స్వయంగా బెజవాడ రోడ్డు మీద పర్యటించారు. ఫైళ్లతో నేను వెనక సీట్లో కూర్చున్నాను. నలభయ్యో మైలు దగ్గర పదిహేను లారీలు ఆగి ఉన్నాయి. మొగులయ్య వేసిన నులకమంచాల మీద డ్రైవర్లు గుర్రు పెడుతున్నారు. మంత్రిగారు కూడా నడుం వాల్చి, రెండు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. లేచి చాయ్ తాగారు.

"ఇంత నిద్ర పట్టి ఎన్నేళ్లయిందయ్యా!"

"మీ దయ సార్. జర గీ జాగకు పట్టా ఇప్పించున్రి, మల్ల ఎవరూ లేపకుండ."

మంత్రిగారు చిరునవ్వు నవ్వి ఫైలు తెమ్మన్నారు. మంచమ్మీదనే కూర్చుని రాశారు. నేను వంగి చదివాను: "నాంపల్లి కేంద్రానికి రావలసిన లారీలను దారిలోనే ఆపేస్తున్న ఈ అక్రమ మంచాలను వారంలోగా తొలగించాలి."

"పట్టానే గదా సారూ?" మొగులయ్య నా చెవిలో అడిగాడు. నేను మంత్రిగారికి సంతకం చేయాల్సిన చోటు చూపించాను.

నులకమంచం మీద సంతకం సరిగా పడటం లేదు. మొగులయ్య పరుగున వెళ్లి చాయ్ ట్రే తుడిచి తెచ్చి, ఫైలు కింద పెట్టాడు.