ఆఫీసు పాలైన పది నిమిషాలు

ఉద్యోగుల ఆనందాన్ని ఉద్యోగుల చేతుల్లోనే వదిలెయ్యడం క్షేమం కాదని నా దృఢమైన అభిప్రాయం. వాళ్ళకు దాన్ని వాడుకోవడం రాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏదో మూల దాచుకుని, ఎవరికీ చెప్పకుండా కొంచెం కొంచెంగా కొరుక్కుతింటారు. రికార్డుండదు, ఫోటో ఉండదు. మరి ఆనందించినట్టు రుజువేది?

ఈ అరాచకాన్ని ఒక ఆఫీసు ఎలా సరిచేసిందో చెబుతాను. అందులో దెబ్బతిన్నది, క్షమించాలి, లబ్ధి పొందింది మా వదినే.

మా వదిన ఒక లిఫ్టుల కంపెనీలో పనిచేస్తుంది. జనం పంపే ఫిర్యాదులకు జవాబులు రాయడం ఆవిడ ఉద్యోగం. "మీ లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య నలభై నిమిషాలు ఆగిపోయినందుకు చింతిస్తున్నాము" అన్న వాక్యాన్ని ఆవిడ పదహారేళ్ళుగా రాస్తోంది. అంతస్తులు మారతాయి, నిమిషాలు మారతాయి, చింత మాత్రం మారదు. ఇంటికి ఆలస్యంగా ఎందుకొచ్చావని మా అన్నయ్య అడిగితే "మీకు కలిగిన అసౌకర్యానికి" అని మొదలుపెట్టి నాలిక కరుచుకుంటుందంటే పరిస్థితి ఊహించుకోండి.

అలాంటి మనిషికి రోజూ పొద్దున పదకొండూ ఇరవైకి ఒక ఆనందం ఉండేది. పాత ఫైలేదో కావాలన్న వంకతో ఐదో అంతస్తులోని రికార్డు రూముకు వెళ్ళేది. అక్కడ బీరువాల వెనక ఒక కిటికీ. కిటికీలోంచి చూస్తే వెనక వీధిలో ఒక చిన్న మేడ, దాని మీద బట్టలారేసే తీగ. సరిగ్గా ఆ వేళకు ఒక ముసలాయన తడిబట్టల బకెట్టు మోసుకొచ్చి, ఒక్కొక్కటే దులిపి, పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా ఆరేసి, క్లిప్పులు పెట్టి కిందికి దిగిపోయేవాడు.

రెండు నిమిషాలకు ఆయన భార్య పైకొచ్చేది. తీగ మొత్తాన్ని ఒకసారి పరకాయించి చూసేది. మొదటి చొక్కా దగ్గర్నుంచి చివరి తువ్వాలు దాకా అన్నీ తీసి మళ్ళీ తన పద్ధతిలో ఆరేసేది. మర్నాడు ఆయన మళ్ళీ తన పద్ధతే, ఆవిడ మళ్ళీ తన పద్ధతే. ఒకరోజు ఆయన మెట్ల దగ్గర నక్కి ఉండి, ఆవిడ దిగిపోయాక ఒకే ఒక్క బనీనును తన పద్ధతిలోకి తిప్పేసి పోయాడు. ఆ బనీనును తలుచుకుంటూ మా వదిన ఆ రోజు ఏడు ఫిర్యాదులకు నవ్వుతూ చింతించింది.

మొత్తం పది నిమిషాలు. వారానికి ఐదు రోజులు. కంపెనీకి పైసా ఖర్చు లేదు. ఇంత విచ్చలవిడిగా ఆనందం నడుస్తుంటే ఏ యాజమాన్యం మాత్రం ఊరుకుంటుంది?

యాజమాన్యం 'వారమంతా వసంతం' అనే పథకం పెట్టింది. దానికి ఒక హ్యాపీనెస్ ఆఫీసర్ను వేసింది. అంతకు ముందు ఆయన అదే కంపెనీలో మంటలార్పే సిలిండర్ల బాధ్యత చూసేవాడు. మనిషి మంచివాడు, పనిలో మహా నిక్కచ్చి. వచ్చిన మొదటి రోజే అందరికీ తలా ఒక ఫారం పంచాడు. పనిదినాల్లో మీకు ఆనందం కలిగించే విషయం ఒకటి రాయండి, నిజాయితీగా రాయండి అని అందులో ఉంది.

అనుభవమున్నవాళ్ళు 'టీమ్ వర్క్' అని రాసిచ్చేశారు. వదిన పక్క సీట్లో కూర్చునే డెస్పాచ్ గుమాస్తా 'నీళ్ళు తాగడం' అని రాశాడు. మా వదినను మాత్రం ఆ ఆఫీసులో పదహారేళ్ళుగా నీకేం బాగుంటుందని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. పాపం, మెత్తబడిపోయింది. నిజం రాసింది. చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి కూడా రాసింది.

మర్నాడు ఆఫీసరు ఆ ఫారం పట్టుకుని వచ్చాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"అమ్మా, నలభై మూడు ఫారాలు చదివాను. ముప్ఫై ఒక్కమంది టీమ్ వర్క్ అన్నారు. మీదొక్కటి చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది. దీన్ని అందరికీ అందించాలండీ."

"అందరికీ ఎందుకండీ? నాకేదో అలవాటు."

"మీకు అలవాటు. వాళ్ళకు హక్కు," అన్నాడాయన.

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. వారం తిరగకుండా రికార్డు రూములో బీరువాలు జరిపించి బెంచీలు వేయించాడు. కిటికీ అద్దాలు తుడిపించాడు. 'ఆనంద వీక్షణం, బుధ, గురువారాలు ఉదయం 11.20, హాజరు తప్పనిసరి' అని నోటీసు అంటించాడు. నలభై మూడు మందినీ రెండు బ్యాచ్‌లు చేశాడు. ఫోటోగ్రాఫర్ను పిలిపించాడు.

మొదటి బ్యాచ్‌లో మా వదినకు ముందు వరసలో సీటు. ముసలాయన బకెట్టుతో పైకొచ్చి తువ్వాలు దులిపి ఆరేసి, చొక్కా అందుకున్నాడు. సేల్స్ విభాగంలో ఒకాయనకు హుషారెక్కువ. "సార్, క్లిప్పు మర్చిపోయారు," అని కిటికీలోంచి అరిచాడు.

ముసలాయన తలెత్తాడు. ఇరవై రెండు తలలు, ఒక కెమెరా.

చేతిలో ఉన్న తడి చొక్కాను గుండెకు అదుముకుని అలాగే నిలబడిపోయాడు. అంతలో భార్య పైకొచ్చింది. ఆయన కిటికీ వైపు చూపించాడు. ఆవిడ చూసింది, చెదిరిన జుట్టు సర్దుకుంది. ఇద్దరూ కలిసి గబగబా తీగ మీది బట్టలన్నీ లాగేసి బకెట్టులో కుక్కుకుని దిగిపోయారు. వాళ్ళిద్దరూ ఒకే పనిని ఒకే పద్ధతిలో చేయడం మా వదిన చూసింది ఆ ఒక్కసారే.

మర్నాటికి మేడ చుట్టూ నీలం రంగు టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. రెండో బ్యాచ్ ఆ పట్టాను చూసి ఆనందించింది. 'హాజరు నలభై మూడు, ఆనందం సంతృప్తికరం' అని రిపోర్టు పైకి వెళ్ళింది.

ఆ రోజు మా వదిన ఆ దంపతులకు క్షమాపణ రాద్దామని కూర్చుంది. కలం పెట్టగానే 'అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని పడింది. చించేసింది. ఇంకో కాగితం తీసింది. మళ్ళీ అదే పడింది. పదహారేళ్ళు ఊరందరికీ క్షమాపణలు రాసిన మనిషికి, తన తప్పుకు రాసుకోవడానికి ఒక్క మాట మిగల్లేదు. కాగితాలు పక్కన పారేసి, లంచ్ టైములో వెనక వీధికి నడిచి వెళ్ళి తలుపు తట్టింది.

ముసలావిడ తలుపు తీసింది.

"వెనకాల ఆఫీసులో పనిచేస్తానండీ. రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడేది నేనే."

"తెలుసమ్మా. కళ్ళజోడు అమ్మాయివి కదూ. నువ్వొక్కదానివే చూసినన్నాళ్ళూ మాకేం ఇబ్బంది లేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ బనీను మా ఆయన నీకోసమే తిప్పాడు. చూసేవాళ్ళుంటే ఆయనకు హుషారు. అలాగని ఊరేగింపుగా వచ్చి ఫోటోలు తీస్తే ఎలాగమ్మా?"

లోపల కుర్చీల మీద, తలుపుల మీద, కిటికీ చువ్వల మీద తడిబట్టలు వేలాడుతున్నాయి. ముసలాయన గోడ వైపు తిరిగి పేపరు చదువుకుంటున్నాడు. తల తిప్పలేదు. మా వదిన చెప్పాలనుకున్నదేదీ చెప్పలేక, తప్పయిపోయిందండీ అని మాత్రం అని తిరిగొచ్చింది.

"నిజం రాశారా?" అన్నాడు డెస్పాచ్ గుమాస్తా, కథంతా విని. "నేనూ పాత ఆఫీసులో ఒకసారి రాశానండీ. ఈల వేయడం అని. నాలుగు నెలలు ఈలల పోటీలు పెట్టారు. ఇప్పటికీ పెదాలు ముడిస్తే గాలి తప్ప ఇంకేం రాదు."

ఆ మాట మా వదిన బుర్రలో తిరుగుతూనే ఉంది. నెల తిరిగేసరికి రెండో ఫారం వచ్చింది. ఈసారి ఆవిడ చాలాసేపు ఆలోచించింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో ఒకటే ముక్క రాసింది. 'సోమవారం మేనేజరు గారి సమీక్షా సమావేశం.'

ఆ సమావేశం రెండున్నర గంటలు. అందులో గంటంబావు మేనేజరు తన కుర్రతనంలో తాడు తెగిన లిఫ్టును ఒంటిచేత్తో ఆపిన వైనం. ఆ గదిలో ఆనందించేది ఒకే ఒక్క మనిషి, ఆయనే. ఆఫీసరు ఫారం చూపించగానే మేనేజరు మురిసిపోయాడు. సమావేశమూ పథకంలో చేరింది. మొదటి వారం కెమెరా వైపు తిరిగి కథను ఇంకో పావుగంట సాగదీశాడు.

రెండో వారం సమావేశం కాగానే ఆఫీసరు అందరికీ చీటీలు పంచి, ఐదు చుక్కలకు ఎన్ని చుక్కల ఆనందం కలిగిందో పేర్లు లేకుండా వేయమన్నాడు. సగటు ఒకటిన్నర. నిక్కచ్చి మనిషి కదా, నోటీసు బోర్డు మీద అంటించాడు.

"సార్, ఆ లిఫ్టు తాడు దగ్గర ఆనందం బాగా పడిపోతోందండీ," అన్నాడు, ఎంతో వినయంగా. "దాన్ని కుదిస్తే పుంజుకుంటుంది."

మూడో వారం మేనేజరు కథ మొదలుపెట్టాడు. ఎదురుగా చీటీల కట్ట పట్టుకున్న ఆఫీసరు కనిపించాడు. లిఫ్టు ఇంకా నాలుగో అంతస్తులో ఉండగానే "సరే, వెళ్ళి పనులు చూసుకోండి," అన్నాడు. నాలుగో వారం నుంచి సమీక్ష ఒక కాగితం మీద వస్తోంది. చదవడానికి మూడు నిమిషాలు చాలు.

చూశారా పథకం గొప్పతనం? గుమాస్తా అని చూడదు, మేనేజరు అని చూడదు. ఎవరి ఆనందమైనా అంతే శ్రద్ధగా చేతికి తీసుకుంటుంది. ఇంత సమానత్వం వేరే ఏ శాఖలో ఉంది?

ఈ మధ్య మా వదిన ముఖం మళ్ళీ తేటపడింది. మంగళవారాలు, గురువారాలు మరీను. బస్సు దిగి వస్తూ తనలో తను నవ్వుకుంటోందని అన్నయ్య చెప్పాడు. మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఉండబట్టలేక అడిగేశాను.

"వదినా, కొత్తదేదో దొరికినట్టుందే. ఏంటది?"

"ఏం లేదు."

"సొంత మరిదికి కూడా చెప్పవా?"

ఆవిడ నా ముఖం వంక, నా జేబులో పెన్ను వంక మార్చి మార్చి చూసింది.

"పేపర్లో నీ కాలమ్ ఎంతమంది చదువుతారేంటి?"

నేను ఛాతీ విరుచుకుని, కాస్త పెంచే చెప్పాను.

"అంతమంది అక్కడ పట్టరు మరిదిగారూ," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.