వియ్యంకుడి చెవి

ఆ ఆదివారం పొద్దున కుర్మయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవరాలిని వాటర్ పార్కులో ఆడించాలి, తల తుడిచి ఇంటికి చేర్చాలి. అంతే. ఈ మాత్రం చేసి చూపిస్తే కోడలు ఝాన్సీ పిల్లను సెలవుల్లో పది రోజులు తన ఊరు పాల్మాకులకు పంపుతుంది. లేకపోతే పంపదు. పిల్లకు ఏడేళ్ళు వచ్చినా ఒక్క రాత్రి కూడా పంపలేదు. శంషాబాద్‌లో కొడుకు ఫ్లాటుకూ కుర్మయ్య ఇంటికీ మధ్య ఆటోలో పోయేంత దూరమే. కాని కుర్మయ్య పొలంలో బావి ఉంది. "బావి ఉన్న చోటికి పిల్లను పంపను" అని ఝాన్సీ ఎప్పుడో తేల్చేసింది. భార్య సత్తెమ్మ పోయాక ఆ ఇంట్లో కుర్మయ్యకు వినబడే గొంతు మోటారుది ఒక్కటే. అదీ కరెంటు ఉంటేనే.

"నీళ్ళ దగ్గర పిల్లను చూసుకోగలరని ఒక్కసారి చూపించండి మామయ్యగారూ" అని కోడలే పరీక్ష పెట్టింది. పరీక్ష చూడడానికి తన తండ్రి భాస్కరరావును తోడు పంపింది. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో రిటైరై కూకట్‌పల్లిలో ఉంటున్నాడు. కుర్మయ్య పరీక్ష తప్పితే పిల్ల సెలవులకు తన ఇంటికి వస్తుందని ఆయనకు బాగా తెలుసు. విద్యార్థి ఫెయిలవాలని కోరుకునే ఇన్విజిలేటరును ఎక్కడైనా చూశామా? అలాంటివాడు ఆ వేళ కారు వెనక సీటులో కూర్చుని ఉన్నాడు.

"బాపు, జర పైలం. ఝాన్సీ సంగతి నీకెరికే గద" అన్నాడు కుర్మయ్య కొడుకు శేఖర్, కారు నడుపుతూ. వీళ్ళను దించి అతను ఎయిర్‌పోర్టులో డ్యూటీకి పోవాలి.

"నాకు చెప్తున్నవారా? నువ్వు ఈత నేర్సింది ఎవని నడుం పట్టుకొని?"

భాస్కరరావు గొంతు సవరించుకున్నాడు. "బావి వేరు, అలలు వేరు బావగారూ. మాది బందరు. అలలు మాకు పెరట్లో దూడల్లాంటివి."

"ఎంత లోతుల ఈదెటోనివి బావా?"

భాస్కరరావు కిటికీలోంచి బయటికి చూశాడు. సముద్రంలో ఆయన మోకాలు దాటి ఎన్నడూ దిగలేదు. ఆ సంగతి బందరుకు తెలుసు గాని హైదరాబాదుకు తెలియదు.

కుర్మయ్య మనవరాలి వైపు తిరిగాడు. "ఇగో మనీషా, ఇను బిడ్డా. నీళ్ళల్ల ఏమన్న అయితే రెండు చేతులు పైకి లేపాలె. 'తాతా' అని ఒర్రాలె. నేను దుంకుత."

"నన్ను పిలవకూడదా ఏమిటి?" అన్నాడు భాస్కరరావు.

"నిన్ను 'తాతయ్యా' అంటది గద. మూడక్షరాలు. మునిగెటోళ్ళకు గంత టైముండది బావా."

మనీషా రెండు చేతులూ పైకెత్తి చూసింది. "రెండు చేతులు లేపితే ముక్కెవరు మూస్తరు తాతా?"

శేఖర్ కారు పార్కు గేటు ముందు ఆపాడు.

పార్కులో మొదటి చిక్కు బట్టల దగ్గర వచ్చింది. నైలాన్ బట్టలు ఉంటేనే అలల కొలనులోకి దిగనిస్తారట. కిరాయికి ఇచ్చే లాగును కుర్మయ్య వెలుగులో పట్టి చూశాడు. "గిది లాగు అంటరా, దస్తీ అంటరా?" అని తిరిగి ఇచ్చేసి, పంచెతోనే కొలను గట్టు మీద కూర్చున్నాడు. భాస్కరరావు మాత్రం అన్నీ తొడుక్కున్నాడు. తలకు బిగుతైన నీలం టోపీ, పైన లైఫ్ జాకెట్టు. జాకెట్టు బకిల్ పొట్ట మీద కలవలేదు.

"పెట్టుకోండి సార్" అన్నాడు లైఫ్‌గార్డు శ్రావణ్‌కుమార్.

"ఊపిరాడదయ్యా" అన్నాడు భాస్కరరావు. నీళ్ళలో ఊపిరి సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు కాబోలు.

మనీషా జాకెట్టు బకిల్ కుర్మయ్యే పెట్టాడు. మూడుసార్లు లాగి చూశాడు. పిల్లల కోసం కట్టిన తాడు దాటొద్దని ఒట్టు వేయించుకున్నాడు. పిల్ల నీళ్ళలోకి దిగింది, దిగగానే మిగతా పిల్లల్లో కలిసిపోయింది. అన్నీ నీలం టోపీలే. నారుమడిలో ఒక్క మొక్కను గుర్తుపెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో కుర్మయ్యకు ఆ రోజు తెలిసింది. రెప్ప వేస్తే పిల్ల తప్పిపోతుంది. వేయకపోతే ఎండకు కళ్ళలో నీళ్ళు తిరిగి ఆ నీళ్ళలో తప్పిపోతుంది. భాస్కరరావు మోకాలి లోతులో నిలబడి పిల్లను కాక కుర్మయ్యను చూస్తున్నాడు. ఇన్విజిలేటరు కదా.

సైరన్ మోగింది. అవతలి గోడ కింద నుంచి అలలు మొదలయ్యాయి. కుర్మయ్య గట్టు అంచుకు జరిగాడు. బావి నీరు మర్యాద తెలిసిన నీరు, మనిషి దూకేదాకా కదలదు. ఇది మనిషి మీదికే వస్తోంది. ఒక్కో అలకు టోపీలన్నీ లేస్తున్నాయి, పడుతున్నాయి. పడిన ప్రతిసారీ కుర్మయ్య వెతుక్కుంటున్నాడు. దొరికిన ప్రతిసారీ ఇంకో అల వస్తోంది.

సరిగ్గా అప్పుడే ఎయిర్‌పోర్టులో దిగబోయే విమానం ఒకటి, కడుపు కింద చక్రాలు కనబడేంత కిందుగా కొలను మీదికి వచ్చింది. నీళ్ళలో ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తారు.

"టాటా! టాటా!"

అలల మోత, విమానం మోత. అందులో 'ట' ఏదో, 'త' ఏదో ఎవరికి తెలుస్తుంది? కుర్మయ్యకు వినబడింది ఒకటే: "తాతా! తాతా!" కొలను కొలనంతా చేతులెత్తి తనను పిలుస్తోంది. అందులో ఒక గొంతు మనీషాది.

దూకాడు. బావిలో దూకినట్టే కాళ్ళు ముడుచుకుని దూకాడు. కాని అక్కడ నీళ్ళు నడుము లోతే. అడుగు తగలగానే కూర్చునే చోట ఎముక ఒకటి బూతుమాట అంది. లేచేలోగా వచ్చిన అల పంచెను ఊడదీసి పట్టుకుపోయింది. కుర్మయ్య వెనక్కి చూడలేదు. చారల డ్రాయరుతో టోపీలను పక్కకు తోస్తూ ఈదాడు.

భాస్కరరావు చూసింది వేరు. కుర్మయ్య దూకడం చూశాడు. ఆ తర్వాత నీటి మీద తేలుతున్న తెల్లని పంచె చూశాడు. లోపల మనిషి లేడు.

"అయ్యో, బావగారు పోయారు!" అని కేక పెట్టి, పంచె కోసం ముందుకు ఉరికాడు. పంచె దొరికింది. దొరకడమేమిటి, ఆయన కాళ్ళనే చుట్టుకుంది. తూలి పడ్డాడు. బకిల్ పెట్టని జాకెట్టు తలమీదుగా జారి తన దారిన తాను తేలిపోయింది. వెనక్కి తీసే నీరు ఆయనను లోతు వైపు ఈడ్చింది.

ఇవతల కుర్మయ్య మనవరాలిని చేరాడు. "బిడ్డా! ఏమైందే? నీళ్ళు మింగినవా?"

"ఏం కాలే తాతా. విమానానికి టాటా చెప్తున్న." పిల్ల అతణ్ణి కిందికీ పైకీ చూసింది. "నీ పంచె ఏది?"

కుర్మయ్య పంచె కోసం వెనక్కి తిరిగాడు. వియ్యంకుడు కనబడ్డాడు. ముఖం ఒక్కటే నీళ్ళ పైన ఉంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, శబ్దం లేదు. చేతులు పైకి లేవడం లేదు. మెట్టు కోసం తడుముకుంటున్నట్టు నీళ్ళను కిందికి నొక్కుతున్నాయి. మూరెడు దూరంలో ఒక కుటుంబం పకపకా నవ్వుతూ ఫొటో దిగుతోంది. మునిగేవాడు అరవడని, చేతులెత్తడని బావుల దగ్గర పెరిగిన కుర్మయ్యకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ పొద్దున పిల్లకు అరవమని నేర్పాడు. ముద్దు ఎక్కువైన చోట బుద్ధి నిలవదు.

పిల్ల చేత గట్టు పక్కనున్న కడ్డీని పట్టించాడు. "ఇడిసిపెట్టకు. కదలకు" అని చెప్పి ఈదాడు.

మునిగేవాణ్ణి ఎదురుగా పట్టుకోకూడదు, మీదెక్కుతాడు. వెనక నుంచి జుట్టు పట్టాలి. కుర్మయ్య వెనక నుంచే వెళ్ళి జుట్టు పట్టాడు. టోపీ ఊడివచ్చింది. దాని కింద జుట్టు లేదు. జాకెట్టు ముందే పోయింది. మిగిలింది చెవి. అదే పట్టుకున్నాడు. బందరు మనిషిని బడి ఎగ్గొట్టిన పిల్లవాడిలా చెవి పట్టుకుని గట్టు వైపు ఈడ్చుకొచ్చాడు.

శ్రావణ్‌కుమార్ కంటపడింది ఆ చివరి భాగమే. విజిల్ వేశాడు. అలలు ఆగిపోయాయి. మైకు పలికింది: "కొలనుల కొట్లాడుతున్న పెద్దమనుషులు వెంటనే బయటికి రావాలె!"

జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి.

"ఏమైందన్నా, ప్లాటు పంచాయితా?"

"కాదంట. వియ్యంకులంట."

"అయితే ఇగ అడిగేదేముంది!"

సెక్యూరిటీవాళ్ళు ఇద్దరినీ ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. కుర్మయ్యకు ఎవరో తువ్వాలు కప్పారు. తల్లి నంబరు మనీషాకు కంఠతా వచ్చు. ఫోన్లో సంగతంతా తానే చెప్పింది: "అమ్మా, తాత తాతయ్య చెవి గుంజిండు. తాతకు పంచె లేదు. నేను మంచిగనే ఉన్న."

ఝాన్సీ వచ్చేదాకా కుర్మయ్య నేల చూస్తూ కూర్చున్నాడు. పది రోజులూ కళ్ళ ముందే కరిగిపోతున్నాయి. ఇప్పుడు అంతా వియ్యంకుడి నోటిలో ఉంది. "చెవి పట్టి లాగాడమ్మా" అంటే చాలు, అబద్ధం కూడా కాదు, పిల్ల కూకట్‌పల్లికి పోతుంది. నిజమంతా చెప్పాలంటే బందరు పరువు పోతుంది. ఎవడైనా ఏది చెబుతాడో కుర్మయ్యకు తెలుసు.

"ఏం జరిగింది నాన్నగారూ?" అంది ఝాన్సీ.

భాస్కరరావు ఎర్రగా వాచిన చెవి తడుముకున్నాడు. చాలాసేపు దగ్గాడు. మనవరాలిని చూశాడు, వియ్యంకుడిని చూశాడు.

"పోయేవాణ్ణే అమ్మా. పక్కనున్నవాళ్ళెవరూ చూడలేదు. ఈయన చూశాడు కాబట్టి ఉన్నాను." బట్టతల తుడుచుకున్నాడు. "నాకు ఈత రాదు."

ఝాన్సీ తండ్రి పక్కన కూలబడి ఏడ్చింది. ఏడ్చి, లేచి, మామగారికి రెండు చేతులూ జోడించింది. కుర్మయ్యకు తువ్వాలు కింద రొమ్ము పొంగింది.

"ఏం కాదు తల్లీ. ఇగ రేపే పిల్లను తోల్కపోత."

ఝాన్సీ కళ్ళు తుడుచుకుంది. "మీరు నాన్నగారిని బయటికి తెస్తున్నప్పుడు మనీషాను ఎవరు చూస్తున్నారు మామయ్యగారూ?"

కుర్మయ్య తువ్వాలు సర్దుకున్నాడు. "కడ్డీ పట్టుకొని నిలబడ్డది."

"అంటే కడ్డీ చూసుకుంది."

భాస్కరరావు తల వంచుకున్నాడు. కుర్మయ్య అప్పటికే వంచుకుని ఉన్నాడు.

"నీళ్ళ దగ్గర ఒక్కొక్కరికి ఒకరు కాపలా ఉండాలి. మీరు ఒకరిని బాగా చూసుకుంటారు, నాకు నమ్మకం కుదిరింది" అంది ఝాన్సీ. "ఆ ఒకరు నాన్నగారు. పది రోజులు మీ దగ్గరే ఉంచుకుని ఈత నేర్పండి. ఆయనకు ఈత వచ్చిన రోజున కాపలాకు ఇద్దరవుతారు. మనీషాను అప్పుడు పంపుతాను."

భాస్కరరావు మర్నాడే పెట్టెతో, కాఫీ ఫిల్టరుతో పాల్మాకులలో దిగాడు. వారం తిరిగేసరికి బావి గట్టు దాకా వచ్చాడు.