ట్యాంకులో తీపి బిళ్ళలు

ఆ ఉదయం నరసింగరావు పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. ట్యాంకు నింపడం, కుళాయిలు వదలడం, ఆనక గున్నమ్మ కొట్లో పంచదార దండిగా వేసిన టీ తాగడం, అంతే. గజపతినగరం దగ్గర ఓ ఊరికి మంచినీళ్ళ ట్యాంకు ఆపరేటరు ఆయనే. షుగరు జబ్బూ ఆయనకే. అందుకే భార్య తాయారు రోజూ చప్పటి టీ ఫ్లాస్కులో పోసి, పంచదారకి బదులు కలుపుకోమని తీపి బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చేది.

ఆ టీ కాస్తా మొక్కల పాలయ్యేది. బిళ్ళలు పారెయ్యడానికి మాత్రం పాపం ఆయనకి చెయ్యి వచ్చేది కాదు. డబ్బు పోసి కొన్నవి, ఊరి నోటికైనా తీపి తగలనీ అని ట్యాంకులో వేసేవాడు. "నరసింగరావు నీళ్ళు తియ్యగుంటాయి, బ్లీచింగు కంపన్నది రాదు" అని ఊళ్ళో పేరు కూడా వచ్చింది. ఆయన మోటారు గదిలో బస్తా మీద కూర్చుని మీసం దువ్వుకునేవాడు.

ఆ ఉదయం కుళాయిలు వదిలొచ్చి ఇడ్లీ తింటుంటే, విజయనగరంలో ఎమ్మెస్సీ చదివే కూతురు కుమారి ఏదో వల్లె వేస్తోంది.

"ఏటమ్మా అది?"

"తీపి బిళ్ళల మీద పాఠం నాన్నా. నీళ్ళు శుద్ధి సేసేటప్పుడు, కొన్ని బిళ్ళల్లో మందు క్లోరిన్ తగిలి విరిగిపోతాది. అలా పుట్టినవాటిల్లో కొన్ని అసలుదాని కన్నా విషం."

"క్లోరినంటే?"

"బ్లీచింగులో ఉన్నాది సూడు, అదే."

నరసింగరావు ఇడ్లీ కంచంలోనే వదిలి లేచాడు. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి కుళాయిలు కట్టేసి, ట్యాంకు నీళ్ళన్నీ కాలవలోకి వదిలేశాడు. ఎదురుగా ఖాళీ బిందెతో గున్నమ్మ.

"ఏటి బావా, నీళ్ళు రావట్నేదు?"

"తాగకు గున్నమ్మా! నిన్న పట్టినవీ పారబొయ్యి!"

ఆయనన్నది అంతే. దానికి ఊరు చిలవలు పలవలు అల్లింది. మొదటి వీధిలో ట్యాంకులో పాము పడింది. చివరి వీధికి వచ్చేసరికి పాము పిల్లలు కూడా పెట్టేసింది. రాత్రి పనసకాయ కూర ఎక్కువ తిన్నవాళ్ళు కడుపు పట్టుకుని ఆటో ఎక్కారు. పెళ్ళింట్లో వంటవాడు డేగిసాడు సాంబారు పారబోశాడు. సర్పంచి చినబాబు మోటారు సైకిలేసుకుని మోటారు గదికి వచ్చాడు, వెనకాలే ఊరంతా వచ్చింది.

"పామేదీ మావా?"

బస్తా మీద కూలబడిన నరసింగరావు భోరుమన్నాడు. "పాము కాదు చినబాబూ! తాయారిచ్చిన బిళ్ళలు నేనే ట్యాంకులో ఏసేసినాను. బ్లీచింగు తగిలితే విషమట. ఊరిని సంపేసినాను!"

తాయారు ముందుకొచ్చింది. "మరి టీలో ఏటేసుకున్నావు?"

"పంచదార," అంది గున్నమ్మ, ఆయనకి శ్రమ లేకుండా.

"ఏడవకు నాన్నా," అంది కుమారి. "బ్లీచింగు ఏపాటి కలుపుతున్నావు? దాన్ని బట్టుంటాది."

నరసింగరావు మొహం వెలిగిపోయింది. "అయితే బతికిపోనాం! ఉగాది కాడినించి గుప్పెడు ఏస్తే ఒట్టు!"

ఎవరూ సంతోషించలేదు. చినబాబు ఆయన కింది బస్తా కేసి చూశాడు.

"లెగు మావా."

బ్లీచింగు బస్తా. కుట్టు కూడా విప్పలేదు.

"మరి ఇన్నాళ్ళూ మేం తాగిందేటి?" అంది గున్నమ్మ.

"వట్టి బావి నీళ్ళే పిన్నీ, రవ్వ తియ్యగా," అంది కుమారి.

చినబాబు ఉద్యోగం పీకేస్తానన్నాడు. చివరికి తాయారే పూచీ పడింది. ఆ మర్నాటి నుంచి ట్యాంకులో బ్లీచింగు, టీలో బిళ్ళ ఆవిడ కళ్ళెదుటే పడుతున్నాయి. నీళ్ళు కంపని ఊరూ, టీ చేదని ఆయనా ఒకటే గోల.

ఫిర్యాదులు వినేది మాత్రం తాయారే.