నడుము డాక్టరు గారి టోకెన్

శనివారం పొద్దున డాక్టర్ జీవరత్నం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగడం, గవర్నర్‌పేటలోని తన క్లినిక్‌కి వెళ్లడం, సాయంత్రం వైద్యుల సంఘం సమావేశానికి వెళ్లకుండా ఉండడం. ఈ మూడింటిలో ఆయనకు బాగా ఇష్టమైంది మూడోది.

జీవరత్నం ఆస్టియోపతి వైద్యుడు. అంటే మందూ కత్తీ లేకుండా, చేతులతోనే ఎముకల్నీ కండరాల్నీ సరిచేసే డాక్టరు. ఈ సంగతి చెప్పి చెప్పి ఆయన నోరు అరిగిపోయింది. చుట్టాలు హోమియోనా అని అడుగుతారు, ఇరుగుపొరుగు ఆయుర్వేదమా అంటారు. అయినా క్లినిక్ మాత్రం కిటకిటలాడుతుంది. మెట్ల దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ మీద జీవరత్నం చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి ఉంటాడు. కింద ‘వంగి రండి, నిలబడి వెళ్లండి’ అని రాసి ఉంటుంది.

కాఫీ అయిందో లేదో ఫోన్ మోగింది. పక్క వీధిలో ఇదే వైద్యం చేసే లక్ష్మీకాంత్. ఆయన సంఘానికి కార్యదర్శి కూడా.

“జీవరత్నం గారూ, ఈసారన్నా చేరండి. మీకు బాగోని రోజున మా సభ్యుడొకాయన వచ్చి మీ క్లినిక్ చూస్తాడు. సభ్యులం ఒకరికొకరం వైద్యం చేసుకుంటాం. అసలు మనమెవరమో జనానికి తెలియజెప్పడానికైనా నలుగురం కలిసుండాలి కదండీ.”

“నాకు బాగోకపోవడం ఏంటండీ? నడుము డాక్టరుకి నడుము నొప్పొస్తుందా? శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగడం తప్ప మీ సంఘంలో ఇంకేముందో చెప్పండి.”

ఈ మాటలంటున్నప్పుడు ఫోన్ ఆయన చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. రెండు చేతులూ మంచినీళ్ల క్యాన్ మీద ఉన్నాయి. దాన్ని స్టాండు మీదికి ఎక్కించమని భార్య వినీల నిన్నటి నుంచీ పోరుతోంది. మోకాళ్లు వంచకుండా, నడుము తిప్పి, ఒక్క విసురున ఎత్తాడు. ఏ పని చేయవద్దని రోజూ రోగుల్ని కసురుకుంటాడో సరిగ్గా ఆ పనే.

“ఏంటండీ ఆ చప్పుడు?” అన్నాడు లక్ష్మీకాంత్.

“క్యాను,” అని జీవరత్నం ఫోన్ పెట్టేశాడు. నిజానికి చప్పుడు చేసింది క్యాను కాదు.

వినీల వచ్చి చూసేసరికి మొగుడు గచ్చు మీద ఏదో వెతుకుతున్నట్టు వంగి ఉన్నాడు. లేవలేకపోతున్నాడు. ఊరందరి నడుములూ సరిచేసే ఆ చేతులు తన నడుము దాకా అందడం లేదు. “ఇక్కడ నొక్కు, అక్కడ కాదు, బొటనవేలితో” అని ఆమెకు పాఠం చెప్పబోయాడు. ఆమె నొక్కింది. ఆయన ఇంకో జానెడు వంగాడు.

“లక్ష్మీకాంత్ గారికి ఫోన్ చేస్తానండీ.”

“చస్తే వద్దు. పేషెంట్లెవరైనా నన్నిలా చూశారనుకో, రేపట్నుంచి క్లినిక్‌లో ఈగలు తోలుకోవాలి. వంగిపోయినవాడి చేతికి నడుమెవడిస్తాడే?” ఆ భయం ఉత్తది కాదు. ఇన్నేళ్లూ ఒక్కో నడుమే సరిచేసి తెచ్చుకున్న పేరు మరి. “హనుమాన్ జంక్షన్‌లో నూనె రాసి కట్టు కట్టేవాడొకడున్నాడట. అక్కడ నన్నెవరూ ఎరగరు. నన్ను బస్టాండుకి ఆటో ఎక్కించు.”

అలాంటి కట్లవాళ్లను ఆయన రోజూ తిడతాడన్న సంగతి వినీల గుర్తు చేయలేదు. తను టీచరుగా చేసే బడికి టైమైపోతోంది. ప్యాంటు ఎక్కడం కుదరదు గనక లుంగీ, పాత గళ్ల చొక్కా, మూతికి మాస్కు, తలమీద తువ్వాలు. అలా కప్పేసి ఆటోలో కూర్చోబెట్టింది.

ఆటో తోలే యేసుబాబు అద్దంలోంచి చూసి చూసి ఆగలేకపోయాడు. “ఈ నడుముతో బస్సేంటండీ పెద్దాయనా? గవర్నర్‌పేటలో జీవరత్నం గారని ఉన్నారు. దేవుడండీ ఆయన. ఇదే నడుము, ఆర్నెల్లు మంచం మీదున్నాను. ఆయన చెయ్యేస్తే లేచాను. పదండి, నేను చూపిస్తా.”

“వద్దు బాబూ, బస్టాండు,” అన్నాడు జీవరత్నం, గొంతు మార్చి.

“భయపడకండి, కత్తీ గట్రా ఏం ఉండవు. నాకు ఆటో డబ్బులు కూడా ఇవ్వొద్దు. ఆయన రుణం ఇలాగన్నా తీర్చుకోనివ్వండి.” ఆటో మలుపు తిరిగింది. తన మంచిపేరు మీద జీవరత్నానికి జీవితంలో మొదటిసారి ఒళ్లు మండింది.

యేసుబాబు ఆయన్ని దాదాపు ఎత్తుకుని మెట్లెక్కించాడు. ఫ్లెక్సీలోని జీవరత్నం చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పైన రిసెప్షన్‌లో సాయిశ్రీ తలెత్తకుండానే పేరు అడిగింది. ఆయన ఆమెవైపు ఒరిగి గుసగుసగా, “సాయిశ్రీ, నేనమ్మా, లోపలికి పోనీ,” అన్నాడు.

“గుసగుసలాడితే ముందు పంపరు తాతగారూ. ఎవరైనా సరే వరసలోనే రావాలని మా డాక్టర్ గారి ఆర్డరు. తప్పితే నా ఉద్యోగం పోతుంది.” టోకెన్ చేతిలో పెట్టింది. ఆ ఆర్డరు వేసింది తనే. పేరడిగితే వెంకటసుబ్బారావు అన్నాడు, ఊరడిగితే హనుమాన్ జంక్షన్ అన్నాడు. పారిపోదామంటే మెట్ల దగ్గర యేసుబాబు కాపలా. ఆ పుణ్యాత్ముడు వైద్యం అయ్యేదాకా కదిలేలా లేడు.

అలా డాక్టర్ జీవరత్నం డాక్టర్ జీవరత్నం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

పక్కన కంకిపాడు నుంచి వచ్చిన రావమ్మ ఆయన్ని చూసి తన నొప్పి మర్చిపోయింది. “అయ్యో, ఎంత వంగిపోయావు అన్నయ్యా. దిగులు పడకు, డాక్టరు చెయ్యి మంచిదే. మనిషికే తెలివి తక్కువ. నడుం నొప్పోళ్లకి వీపానుకోటానికి లేని బల్లలేశాడు చూడు. ఫ్యానేమో ఆ పిల్ల మీదే తిరుగుద్ది. పదింటికి రమ్మని మనకి చెబుతాడు, తనేమో పదకొండైనా రాడు.”

బల్ల ఆయన వెన్నులో గునపంలా దిగుతోంది. చెమట మాస్కులోకి కారుతోంది. “నిజమేనమ్మా,” అన్నాడు మనస్ఫూర్తిగా. “ఆ డాక్టరుకి బొత్తిగా బుద్ధి లేదు.” ఆ మాటకు హాలంతా తలాడించింది. తలా ఒక ఫిర్యాదూ బయటపడింది. అన్నిటికీ అవునవునంటూ ఆయన కూర్చోవలసి వచ్చింది.

పదకొండు దాటినా డాక్టరు రాకపోయేసరికి సాయిశ్రీ కంగారుపడి వినీలకు ఫోన్ చేసింది. డాక్టరు ఎక్కడున్నాడో వినీలకు తెలుసు, హనుమాన్ జంక్షన్‌లో. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, చస్తే వద్దన్న పని చేసేసింది. కాసేపటికి లక్ష్మీకాంత్ మెట్లెక్కి వచ్చాడు. “మీ డాక్టర్ గారికి ఒంట్లో బాగోలేదండీ. ఇవాళ్టికి నేను చూస్తాను,” అన్నాడు రోగులతో. జీవరత్నం ఇంకా సంఘంలో సభ్యుడు కాదన్న మాట ఎత్తనైనా ఎత్తలేదు. ఆ పెద్దమనసుకు జీవరత్నానికి ఇంకా చిరాకేసింది.

రావమ్మ తర్వాత ఆయన వంతు. తన గదిలోకి, తన బల్ల మీదికి, తువ్వాలు తియ్యకుండానే బోర్లా ఎక్కాడు. నోరు మూసుకుని కాసేపు ఓర్చుకుంటే సరిపోయేది. కానీ లక్ష్మీకాంత్ వేళ్లు వెన్ను మీద ఒకచోట ఆగగానే ఆయనలోని డాక్టరు ఊరుకోలేదు.

“అక్కడ కాదండీ. నాలుగో పూస కింద, ఎడంవైపు.”

ఆ గొంతు లక్ష్మీకాంత్ గుర్తుపట్టాడు. వెళ్లి తలుపు గడియ వేశాడు. నవ్వలేదు. చొక్కా చేతులు మడుచుకున్నాడు.

“జీవరత్నం గారూ, పొద్దున ఫోన్ మధ్యలో కట్టయింది. ఎక్కడున్నాం? ఆ, లాభాలు. మొదటిది, మీకు బాగోనప్పుడు క్లినిక్ మూతపడదు.” నొక్కాడు. జీవరత్నం తువ్వాలు కొరికాడు. “రెండోది, మీ నడుముకీ ఒక మనిషుంటాడు.” ఇంకో నొక్కు. “మూడోది, ఇక్కడ జరిగింది బయటికి పోదు.” నాలుగోది చెప్పకముందే నడుములో పొద్దుటి చప్పుడే మళ్లీ వినిపించింది. ఈసారి హాయిగా ఉంది. జీవరత్నం లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పితో కాదు. “చేరతానండీ,” అన్నాడు.

కానీ గదికి ఉన్నది ఒక్కటే వాకిలి. మాస్కు పెట్టుకుని, తువ్వాలు కప్పుకుని మళ్లీ వంగబోయాడు. “వంగితే మళ్లీ పట్టేస్తుంది,” అని లక్ష్మీకాంత్ ఆపాడు. వేరే దారి లేక ఇద్దరూ నిటారుగా బయటికొచ్చారు. మళ్లీ ఎప్పుడు రావాలో రాసిచ్చే చీటీ కోసం ఆగిన రావమ్మ గళ్ల చొక్కాను చూసింది, తర్వాత ఎత్తును చూసింది, తర్వాత మెట్ల కిందున్న ఫ్లెక్సీవైపు వంగి చూసింది.

“ఈయన డాక్టర్ గారే కదటే,” అంది సాయిశ్రీతో.

జీవరత్నం తువ్వాలు ఇంకా కిందికి లాక్కున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాడు. అప్పుడు లక్ష్మీకాంత్ గొంతు సవరించుకున్నాడు.

“అవునండీ. మా సంఘంలో చేరినవాళ్లు ఒక పూట వాళ్ల క్లినిక్‌లోనే రోగిలా వంగి కూర్చోవాలి. మీ కష్టాలు తెలుసుకోవడానికి. అది మా నియమం.”

అలాంటి నియమం సంఘంలో లేదు. హాలు మాత్రం కరిగిపోయింది. యేసుబాబు కళ్లు తుడుచుకున్నాడు. “నేను చెప్పలా, దేవుడని,” అన్నాడు అందరితో. రావమ్మ కాస్త సిగ్గుపడి, వెంటనే తేరుకుంది. “అయితే వీపుకి ఆనే కుర్చీలెప్పుడేయిస్తారు? పదింటికి రావాలని మీరూ అన్నారుగా. బుద్ధి లేదని కూడా మీరే అన్నారు.”

వారం తిరిగేసరికి కుర్చీలొచ్చాయి, ఫ్యానుకి మెడ తిరిగింది, డాక్టరు పదింటికే రావడం మొదలైంది. రావమ్మ ఈ కథను కంకిపాడు బస్సులో చెప్పింది, యేసుబాబు ఆటో ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు. అది తిరిగి తిరిగి పక్క వీధి చేరింది. లక్ష్మీకాంత్ రోగులు ఆయన్ని చుట్టుముట్టి, ఇంత మంచి నియమం పెట్టిన కార్యదర్శి గారు తమ మధ్య ఎప్పుడు కూర్చుంటారని అడిగారు. ఆయన రేపూ మాపూ అని దాటేసి, చివరికి తప్పక ఒక సోమవారం లుంగీ కట్టి, తువ్వాలు కప్పుకుని, రెండు గంటలు వంగి కూర్చున్నాడు. లేవబోతే నడుము లేవలేదు.

సంఘం నియమం ప్రకారం కబురు దగ్గరి సభ్యుడికి వెళ్లింది. జీవరత్నం వచ్చాడు, తలుపు గడియ వేశాడు, చొక్కా చేతులు మడుచుకున్నాడు.

“బోర్లా పడుకోండి,” అన్నాడు. “సంఘంలో చేరితే లాభాలు చెబుతాను.”