ఫోను మనిషిని మార్చుకుంది

కాకినాడలో సూర్యచంద్రం ఫోను ఆ ఆదివారం తన పాత మనిషిని దుకాణంలో ఇచ్చేసి కొత్త మనిషిని తీసుకుంది. పండగ ఆఫరు నడుస్తోంది కాబట్టి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఆ వీధిలో అప్పటికే చాలా ఫోన్లు మనుషుల్ని మార్చేసుకున్నాయి. ఈ ఫోనే కాస్త ఆలస్యం చేసిందని ఇరుగుపొరుగు అనుకున్నారు.

సూర్యచంద్రం నీటిపన్ను ఆఫీసులో గుమాస్తా. యాభై దాటాయి. ఫోను చేతిలో ఉంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తేవాడు కాదు, ఆ లెక్కన మంచి మనిషే. కానీ ఈమధ్య చూపు మందగించింది. ఒక మెసేజీ చదవాలంటే ఫోనును దూరం పెట్టి, దగ్గర పెట్టి, చివరికి కిటికీ దగ్గరికి మోసుకెళ్ళేవాడు. బొటనవేలు అరిగిపోయి, తాళం తియ్యడానికి రెండు మూడుసార్లు నొక్కాల్సి వచ్చేది. ఫోను మాత్రం ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?

ఇలాంటి మార్పిడికి ఇంట్లోవాళ్ళ సమ్మతి తప్పనిసరి. ఆ విషయంలో నిబంధనలు చాలా కచ్చితంగా ఉంటాయి. సమ్మతి కోరుతూ ఓటీపీ వచ్చింది. అది సూర్యచంద్రం ఫోనుకే వచ్చింది కాబట్టి ఫోనే చెప్పేసింది. అతని భార్య తాయారు ఆ సమయానికి వంటింట్లో గోంగూర తుంచుకుంటోంది. ఆమెకూ ఒక చిన్న ఫోను ఉంది గానీ, అది పప్పుల డబ్బాల మధ్య పడి ఉండేది. దాన్ని పట్టించుకునే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

దుకాణంలో ప్రకాశరావు అనే ఉద్యోగి సూర్యచంద్రాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మోకాళ్ళలో చప్పుడు ఉంది, నుదుటి మీద గీతలున్నాయి, మెడ వంగి బిగుసుకుపోయింది. "బాడీ ఫరవాలేదు," అని చొక్కాకి స్టిక్కరు అంటించి, అద్దాల గదిలో బల్ల మీద కూర్చోబెట్టాడు.

సాయంత్రానికి కొత్తాయన ఇంటికొచ్చాడు. నలభై ఉంటాయేమో, పొడగరి. పేరు సూర్యచంద్రమే. పేరు ఫోనులో ఉంటుంది కదా. ఆఫీసు హాజరు ఫోనే వేస్తుంది, జీతం పడితే ఫోనుకే తెలుస్తుంది, గ్యాసు బండ ఫోను చెబితేనే వస్తుంది. అలాంటప్పుడు దాన్ని పట్టుకున్నవాడే ఇంటాయన. తాయారు గుమ్మంలో నిలబడి కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చి, లోపలికెళ్ళి డబ్బాల మధ్య నుంచి తన ఫోను వెతికి తీసింది.

"మా ఆయన్ని మళ్ళీ తెచ్చుకోవచ్చాండీ?" అని దుకాణానికి ఫోను చేసి అడిగింది.

"ఆయ్, వారంలోపయితే వాపసు ఉందండి. ముందు వాడి చూడండి," అన్నాడు ప్రకాశరావు.

వాడి చూసేదేముంది, పొద్దున్నే వెళ్ళి తెచ్చేసుకోవాలనుకుంది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి. మాట్లాడినా మాట్లాడకపోయినా, కుర్చీలో ఆ వంగిన మెడ కనిపిస్తే ఆమెకు ఇల్లు ఇల్లులా ఉండేది.

అన్నం దగ్గర కొత్తాయన ఫోనును బోర్లా పెట్టాడు. రెండు ముద్దలు తిని తలెత్తాడు. "గోంగూరలో వెల్లుల్లి దంచి వేశారాండీ? బాగుంది." ఇంకాసేపు ఆమె మొహంలోకి చూసి, "కళ్ళజోడు మీకు బాగా నప్పిందండి," అన్నాడు.

ఆ కళ్ళజోడు వచ్చి రెండేళ్ళయింది. తాయారు పెరుగు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, గిన్నె పట్టుకుని నిలబడి ఏడ్చింది. ఆమెకు సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు సిగ్గు కూడా వేసింది. పొద్దున దుకాణానికి వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు.

ఫోను కూడా తన మొదటి అభిప్రాయం దుకాణానికి పంపింది. వేళ్ళు చురుకు, చూపు స్పష్టం, ఒక్కటే ఇబ్బంది, తల మాటిమాటికీ పైకి లేస్తోంది. వాడుకలో సర్దుకుంటుందని ఆశిస్తున్నట్టు కింద రాసింది.

సర్దుకుంది కూడా. వారం మధ్యకి వచ్చేసరికి ఫోను కంచం పక్కన వెల్లకిలా పడుకుంది. ఆ తర్వాత ఎడంచేతిలోకి ఎక్కింది. శనివారం తాయారు కావాలనే ఉప్పు వెయ్యకుండా పప్పు వండింది.

"ఉప్పు సరిపోయిందాండీ?"

"ఊఁ," అన్నాడు కొత్తాయన.

అదే ఊఁ. పాతికేళ్ళుగా తను వింటున్నదే. తాయారు చెయ్యి కడుక్కుని, తన ఫోను సంచిలో వేసుకుని, రిక్షా ఎక్కి దుకాణానికి వెళ్ళింది.

"తల కిందికి దిగిపోతోందండీ," అని ఫిర్యాదు చేసింది.

"అది లోపం కాదమ్మా. సెట్టయ్యాడన్నమాట."

"అయితే మా ఆయన్ని నాకిచ్చెయ్యండి."

ప్రకాశరావు విసుక్కోకుండా అద్దాల గది తలుపు తీశాడు. సూర్యచంద్రం బల్ల మీద ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చూసుకోవడానికి చేతిలో ఏమీ లేక మెడ దానంతటదే లేచినట్టుంది. ఆమెను చూశాడు. చూసి, చూపు తిప్పుకోలేదు.

"తాయారూ, కళ్ళజోడు ఎప్పుడు పెట్టుకున్నావే?"

"రెండేళ్ళయిందండి."

"బాగుంది. జుట్టు కూడా నెరిసిందే నీకు," అన్నాడు, అదేదో తనే తప్పు చేసినట్టు.

తాయారు ఇంటికి పదండి అని చెయ్యి పట్టుకుంది. ప్రకాశరావు మర్యాదగా అడ్డొచ్చాడు. వాపసంటే ఫోనుతో కలిపే వాపసు. ఫోను చేతిలో పడగానే పాత సెట్టింగులన్నీ వచ్చేస్తాయి, మెడతో సహా.

"ఫోను లేకుండా ఇవ్వరాండీ?"

"ఇస్తే ఏం చేసుకుంటారమ్మా? జీతం రాదు, బండ రాదు, పేరుండదు. ఊరికే మిమ్మల్ని చూస్తూ కూచుంటాడంతే."

తాయారు ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించింది. అద్దె గురించి, బియ్యం గురించి కూడా ఆలోచించింది. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలింది. సూర్యచంద్రం ఏమీ అనుకోలేదు. తనను సామర్లకోటలో ఒక ఫోను అడిగిందని, సాయంత్రం వచ్చి తీసుకెళ్తుందని చెప్పాడు. ఆ ఇంట్లోవాళ్ళు చాలా సంతోషిస్తారని ప్రకాశరావు అన్నాడు.

అప్పుడు సంచిలో ఉన్న చిన్న ఫోను మోగింది. ఇన్నాళ్ళూ డబ్బాల మధ్య పడి ఉన్న ఫోను దుకాణం దాకా రావడం అదే మొదలు. వచ్చిన అవకాశాన్ని అది ఎందుకు వదులుకుంటుంది? ఓటీపీ దానికే వచ్చింది, అదే చెప్పేసింది. ప్రకాశరావు ఆమెను వెలుతురులోకి రమ్మన్నాడు. తాయారు ఎందుకని అడగలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని నిలబడింది.

"ప్రత్యేకతలేమైనా ఉన్నాయామ్మా?"

"ఎవరైనా మాట్లాడితే మొహంలోకి చూస్తానండి."

"మొదటి వారం అందరూ చూస్తారమ్మా. ఇంకేమైనా ఉన్నాయా?"

ఇంకేమీ లేవు. స్టిక్కరు అంటించుకుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, ఆమె వెళ్ళి సూర్యచంద్రం పక్కన కూర్చుంది. తమను తీసుకెళ్ళే ఫోన్లు వచ్చేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు.